ఎర్రబల్బు వెలగని పాట

ఆ పాటకు మీరూ ఎగిరే ఉంటారు. రెండువేల ఆరు ఎండాకాలంలో ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ ఆటో ఎక్కినా అదే మోగింది, ఏ పెళ్లి ఊరేగింపు ముందు నిలబడినా అదే. మొదట ఒక ఆడమనిషి సన్నగా రాగం తీస్తుంది. గాజులు గలగలమంటాయి. ఒక పిల్ల "బాపూ, రాందాసూ" అని పిలుస్తుంది. ఆ పిలుపు ముగియకముందే డప్పులు, కీబోర్డు, ఈలలు కలిసి మీద పడతాయి. సరిగ్గా అక్కడే జనం చేతులు పైకెత్తి ఎగిరేవాళ్లు.

రాగం తీసింది మా అమ్మ చాంది. పిలిచిన పిల్లను నేను, సరళను. రాందాస్ మా నాన్న. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. తెలియక ఎగిరినవాళ్ల మీద నాకేం కోపం లేదని చెప్పాలనే ఉంది గానీ, ఉంది. ఇప్పటికీ ఉంది.

మాది ఇల్లందు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న తండా. ఇంట్లో మా లంబాడీ భాషే మాట్లాడుకుంటాం, మీ కోసం ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. పాటను మాత్రం తెలుగులో చెప్పమని అడక్కండి. అది రాదు.

అమ్మకు పేరు తెచ్చింది వెంకటేశ్వరరావు గారు. ఆయనది మధిర. ఖమ్మం బస్టాండు వెనక సందులో ఆడియో కంపెనీ పెట్టుకుని పల్లెపాటల క్యాసెట్లు తీసేవాడు. అమ్మ ఎర్రుపాలెం వైపు మిరపకోతకు పోయినప్పుడు చేలో పాడుతుంటే, రోడ్డు మీద స్కూటర్ ఆపి విన్నాడట. కోపం ఉంది కదా అని అబద్ధం చెప్పను, ఆయన చెవి మంచిది. అంతకుముందు వేరే స్టూడియో వాళ్లు చప్పుడు చేస్తున్నాయని అమ్మను గాజులు తీసి పాడమన్నారు. మాలో గాజులు తీయమనడం ఎంత మాటో వాళ్లకేం తెలుసు! అమ్మ లేచి వచ్చేసింది. ఈయన ఆ మాట అనలేదు. తన జేబురుమాళ్లు రెండు తెచ్చి, అమ్మ రెండు చేతుల గాజులకూ తనే చుట్టి ముడివేశాడు. "ఇప్పుడు పాడక్కా" అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మకు ఆయన తమ్ముడు.

మూడు క్యాసెట్లు చేశారిద్దరూ. అమ్మకు చెవుల మీద హెడ్‌ఫోన్ పెడితే గొంతు మూసుకుపోతుందని తెలిసి అది పక్కన పెట్టేవాడు. రెండో చరణంలో తడబడితే మళ్లీ మొదటి నుంచి పాడించేవాడు కాదు, బెల్లం టీ తెప్పించి, తండాలో మేకలెన్ని ఈనాయో అడిగి, మెల్లగా పాటలోకి దింపేవాడు. అట్లా పాడించడం అందరికీ రాదు. అమ్మ బొమ్మ వేసిన క్యాసెట్లు కొత్తగూడెం దుకాణాల్లో వేలాడుతుంటే మా అన్న రూప్‌సింగ్ ఊరికే అటూ ఇటూ తిరిగి చూసొచ్చేవాడు. రావు గారు తండాకు వచ్చి తిరిగి పోయేటప్పుడు అమ్మ "పోయిరా తమ్మీ" అనేది. "మా అమ్మ కూడా ఇట్లాగే అనేదక్కా. ఆ 'రా' వినకుండా నేను బండెక్కను" అని నవ్వేవాడు. నిజంగానే ఆ మాట అనేదాకా జీపు దగ్గర నిలబడేవాడు.

రెండువేల ఆరులోనే నాకు పెళ్లి కుదిరింది. ఎండాకాలం చివర ముహూర్తం. పెళ్లి కుదిరిన పిల్లకు మాలో ఢావ్లో నేర్పుతారు. పుట్టిల్లు విడిచేటప్పుడు పెళ్లికూతురు ఒక్కొక్కరి మెడ పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ, ఏడుస్తూ పాడేది ఢావ్లో. తర్వాత ఆ ఇంటి ఆడవాళ్లు ఆమె మెడ పట్టుకుని తిరిగి పాడతారు. వాళ్లు పాడాక ఆమె ఇక ఆ గడపలో ఆగకూడదు. మళ్లీ వస్తే చుట్టంగా రావాల్సిందే, ఇంటిమనిషిగా కాదు. అందుకే ఉత్తపుణ్యానికి ఢావ్లో ఎవరూ నోటికి రానివ్వరు. నేర్పేటప్పుడు పాడొచ్చు, అదీ నేర్చుకునే పిల్ల మెడ పట్టుకునే.

నాకేమో సిగ్గు. గుడిసె గోడలకు చెవులుంటాయి, నేను గొంతెత్తితే పక్కింటి పిల్లలు పళ్లికిలించేవాళ్లు. అమ్మ రెండుసార్లు చూసి ఊరుకుంది. ఫాల్గుణంలో నాలుగో క్యాసెట్ పనికి ఖమ్మం పోతూ, పెళ్లిబట్టలు కూడా కొనొచ్చని నన్ను వెంట తీసుకెళ్లింది.

పాటలు రెండయ్యాక కీబోర్డు అబ్బాయి టీకి పోయాడు. రావు గారు అద్దానికి అటువైపు గదిలో ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. తలుపు మీద ఎర్రబల్బు ఆరిపోయి ఉంది. ఆ బల్బు వెలిగితేనే రికార్డింగని మాకు తెలుసు. టేపు వృథా కాకూడదని మొదటి నుంచీ ఆయన పెట్టిన పద్ధతే అది. అమ్మ చేతుల రుమాళ్లు విప్పి పక్కన పెట్టింది. నాన్న పోయాక మోచేతి పైగాజులు తీసేసింది, ముంజేతివి మిగిలాయి. అవి వదులై ఊరికే గలగలమనేవి.

"ఈడ నేర్సుకో బిడ్డా" అంది. "ఈ అర్రల గాలి గూడ బయటికి పోదు. ఎవలు ఇనరు."

నా మెడ చుట్టూ చేతులేసి మొదలుపెట్టింది. నాన్నను పిలిచే చోట ఆగింది. మొగుడి పేరు ఆమె పలకదు కదా, ఆ జాగాలో రాగం మాత్రం తీసి నన్ను పిలవమని గడ్డం ఎత్తింది.

"సచ్చిపోయినోన్ని పిలుస్తరా?" అన్నాను.

"పిలువాలె. బిడ్డ పోతుంటే గడపల నిలబడి ఇంటడు."

పిలిచాను. ఏడాదిగా ఆ పేరు గట్టిగా అన్నది లేదు ఇంట్లో. అమ్మకు అప్పుడొచ్చింది ఏడుపు. నేర్పడం మర్చిపోయి, నా భుజం మీద తలపెట్టి, మా నాన్నకు చెప్పుకోవలసిందంతా ఆ రాగంలో చెప్పుకుంది. అద్దం అటువైపు రావు గారు ఫోన్ పక్కన పెట్టి చూస్తున్నాడు. పాపం, మనసు కరిగిందనుకున్నాను.

శ్రీరామనవమికి తండాకు తండా ట్రాక్టర్లు కట్టించుకుని భద్రాచలం పోయింది. మర్నాడు పర్ణశాల. గోదారి ఒడ్డున గాజుల కొట్లు, బొమ్మల కొట్లు, వాటి మధ్యన క్యాసెట్ల కొట్టు. ఆ కొట్టు ముందు కుర్రాళ్లు గుంపుగా ఎగురుతున్నారు. ఎండకు జనం తువ్వాళ్లు నెత్తిన వేసుకుని నిలబడి చూస్తున్నారు. మేం దగ్గరికొచ్చేసరికి పాట అయిపోయి మళ్లీ మొదలైంది.

అమ్మ గాజుల చప్పుడే ముందు గుర్తుపట్టింది. "అవి నావే" అంది తన చేతులు చూసుకుంటూ. ఆ వెంటనే నా గొంతు మా నాన్నను పిలిచింది, డప్పులు పడ్డాయి, కుర్రాళ్లు కేక పెట్టి గాల్లోకి లేచారు.

మా వెంట వచ్చిన కేస్లీ దాది, తండాలో అందరికంటే పెద్దావిడ, కొంగు నోటికడ్డం పెట్టుకుని అడిగింది, "ఎవల పిల్ల పోతున్నదని ఈళ్లు గిట్ల ఎగురుతున్రే?"

కొట్టువాడు అట్టమీద బొమ్మనూ అమ్మనూ మార్చి మార్చి చూసి గుర్తుపట్టాడు. "చాందక్కా! నువ్వేనా! ఓరి, జరగండ్రా. అక్కా, రెండు స్టెప్పులెయ్యవా మా కోసం?" అన్నాడు. సంబరంగానే అన్నాడు. రూప్‌సింగ్ వాడి టేప్‌రికార్డర్ వైరు పట్టుకుని లాగబోయాడు. అమ్మ అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కొట్టేందుకు వాడేం జేసిండు?" అంది. "వాడు అమ్ముకునేటోడు."

గోదారి దగ్గరికి దిగి మొహం కడుక్కుంది. తర్వాత ఇసకలో కూర్చుని చేతుల వంక చూసుకుంది. "అది నేను నీకిచ్చిన. మరి ఆయనెట్ల తీస్కుంటడు?" అంది చివరికి. నన్ను కాదు, ఎవర్నీ కాదు, ఊరికే అడిగింది.

ఇక చూడండి. తండా కుర్రాళ్లకు మా అన్న ఎదురుపడితే "ఓ రాందాసూ" అని ఈల వేసేవాళ్లు. బస్సులో కండక్టరు ఆ రాగం కూనిరాగంగా తీసుకుంటూ టికెట్లు కొట్టేవాడు. చనిపోయిన మనిషి పేరు ఆ ఎండాకాలంలో పలికినంత, బతికుండగా ఎవరూ పలకలేదు. నేనైతే తునికాకు కోతకు అడవిలోకి పోయినా తప్పించుకోలేకపోయాను. కల్లం దగ్గర లారీ డ్రైవరు కూడా అదే పెట్టుకున్నాడు.

ఆకు కట్టలు కడుతున్న రోజుల్లోనే రావు గారు జీపులో దిగాడు. మిఠాయి పెట్టె, పట్టుచీర, వెలుగుతున్న మొహం. అమ్మ, నేను, అన్న వాకిట్లో ఆకు పరుచుకుని కూర్చున్నాం.

"అక్కా, చరిత్రే ఇది! సెల్‌ఫోన్లలో కూడా నీ పాటే. హైదరాబాదు వాళ్లు ఫోన్ చేస్తున్నారు, ఎవరీమె, ఎక్కడుంటుంది అని" అన్నాడు మంచం మీద కూర్చుంటూ.

అమ్మ కట్టు బిగించి అడిగింది, "ఎర్రబల్బు ఎలగలే గద తమ్మీ."

ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు కొంచెం తగ్గింది. "ఇప్పుడంతా కంప్యూటరక్కా. టేపు కాదుగా అయిపోవడానికి. పొద్దున ఆన్ చేస్తే సాయంత్రం దాకా తీసుకుంటూనే ఉంటుంది. బల్బుతో పనిలేదు."

"నాకు జెప్పలే?"

"చెబితే నువ్వు పాడేదానివా?"

ఎంత చల్లగా అన్నాడో! తన తెలివికి అమ్మ మెచ్చుకోవాలన్నట్టు అన్నాడు.

"పదిసార్లు మైకు ముందు నిలబెట్టినా ఆ ఏడుపు రాదక్కా. నేను అద్దం వెనక నిలబడి కళ్లు తుడుచుకున్నాను తెలుసా? అట్లాంటిది పోనిస్తానా? మీ ముసలోళ్లు పోతే ఆ పాటలు కూడా పోతాయి. ఇప్పుడది నిలబడిపోయింది."

"నిలబెట్టేటోడివి డప్పెందుకేసినవ్?" అన్నాను నేను.

"ఉత్త ఏడుపు ఎవరు కొంటారమ్మా? బీటు వేస్తేనే జనంలోకి పోతుంది."

"అయితే మీ అమ్మ సచ్చిన్నాడు మీ ఇంట్ల ఏడ్సిన్రు గద, గా ఏడ్పుకు గూడ ఎయ్యి డప్పు. జనంలకు పోతది."

ఆయన మొహం నల్లబడింది. అన్న అప్పటికే లేచి జీపు వైపు చూస్తున్నాడు, చేతిలో కట్టల నార కోసే కత్తి ఉంది. అమ్మ మాత్రం కట్టలు లెక్కపెట్టే ఆడమనిషిలా నిమ్మళంగా ఉంది. "ఊకో పిల్లా" అని నన్ను కసిరింది. "రూప్‌సింగ్, కత్తి లోపల బెట్టి పెండ్లి పత్రిక పట్కరా."

పత్రికకు పసుపు రాసి రెండు చేతులా ఇచ్చింది ఆయనకు. "అయిపోయిన దానికి ఏం జేస్తం. పిల్ల పెండ్లికి తప్పక రా తమ్మీ. అందరి ముంగట నీకు మర్యాద జెయ్యాలె."

ఆయన ప్రాణం కుదుటపడింది. "నువ్వు పిలవాలా అక్కా, నేను రాకుండా ఉంటానా!" అన్నాడు. జీపు దగ్గర అలవాటు ప్రకారం నిలబడ్డాడు. "పోయిరా తమ్మీ" అంది అమ్మ.

జీపు మలుపు తిరగ్గానే అమ్మ మీద పడ్డాను. "మర్యాదా? నాయన పేరు సంతల బెట్టి అమ్మినోనికి మర్యాదా? చీర కట్టుకుని హారతియ్యి పో! పేరొచ్చేటాలకు నీకు సిగ్గు పోయింది" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అమ్మ పట్టుచీర పొట్లం విప్పనైనా విప్పకుండా దూలానికి తగిలించి, మళ్లీ వచ్చి ఆకు ముందు కూర్చుంది. పెళ్లి దాకా నేను ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాను. ఢావ్లో మళ్లీ నేర్పమని నేను అడగలేదు, ఆమె నేర్పలేదు.

అప్పగింతల రోజు పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. పందిట్లో రెండు తండాల జనం. మగపెళ్లివారి జీపు పూలు కట్టుకుని సిద్ధంగా ఉంది. రావు గారు ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు, చేతిలో రంగుకాగితం చుట్టిన బహుమతి. జనం ఆయన్ను చూసి గుసగుసలాడుకుంటున్నారు, క్యాసెట్ సారంట.

ఆడవాళ్లు నా నెత్తిన ముసుగు కప్పి గడప ముందు నిలబెట్టారు. ముందు నాన్నను పిలవాలి, ఆయన లేడు కాబట్టి గుమ్మం పట్టుకుని పిలవాలి. గుమ్మం పట్టుకున్నాను. రాగం తీశాను.

"బాపూ, రాందాసూ…"

పందిరి చివర ఒక ఈల. ఆ వెంటనే చిన్నపిల్లలు, అయిదారేళ్ల పిల్లలు, పాపం పుణ్యం తెలియనివాళ్లు, సరిగ్గా డప్పు పడే చోట నోటితో "డిజ్జుం డిజ్జుం డిజ్జుం" అని అందుకున్నారు. మగపెళ్లివారి కుర్రాడొకడు చేతులు పైకెత్తి రెండు అడుగులు వేసేశాడు కూడా. వాడికదే పాట మరి. వేరే ఏం తెలుసు?

పెద్దవాళ్లు కసిరారు. పిల్లలు ఆగారు. నేను మళ్లీ నోరు తెరిచాను, నా చెవుల్లో నాకే డప్పు మోగింది. గుమ్మం వదిలేశాను. ఏడుపు కూడా రాలేదు నాకు. మా నాన్న ఒకవేళ నిజంగా గడపలో నిలబడి ఉంటే, బిడ్డ ఏం పాడకుండా పోతోందని అనుకుంటాడు కదా అనిపించింది, అంతే.

"చూశావా అక్కా" అన్నాడు రావు గారు, ఆ నిశ్శబ్దానికి ఏం చేయాలో తోచక. "పసిపిల్లలకు కూడా వచ్చేసింది."

అమ్మ నా పక్కనుంచి కదిలింది. నన్ను దాటి, పందిరి మధ్యగా నడిచి, ఆయన కుర్చీ ముందు ఆగింది. ఆయన మర్యాదగా లేచాడు. అమ్మ రెండు చేతులూ ఆయన మెడ చుట్టూ వేసి, తల ఆయన భుజాన ఆనించి, ఢావ్లో అందుకుంది.

అది క్యాసెట్ పాట కాదు. అప్పటికప్పుడు కట్టుకున్నది. తమ్ముడా వెంకటేశ్వరరావూ అని పేరు పెట్టి పిలిచింది. నా గాజులకు గుడ్డ చుట్టినోడా అంది. బెల్లం టీ తాగిపించినోడా, మిరపచేల నా గొంతు విని బండి దిగినోడా అంది. చేసిన మంచి ఒక్కటి వదల్లేదు. దొంగవని అనలేదు. మా గడపలో నీ అడుగు అయిపోయింది తమ్ముడా, నీ దారి నీదైంది తమ్ముడా అని ప్రతి చరణం దగ్గరా దించింది. నిజంగా ఏడ్చింది. దానికి ఏ పిల్లాడూ నోటితో డప్పు వేయలేదు. ఏ డప్పూ పట్టని నడక అది. తండాలో ఒక్కో ఆడమనిషీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకంటే ఏం జరుగుతోందో మాకందరికీ తెలుసు.

తెలియనిది ఆయనకే. మా భాష ముక్క రాదు. తనకు పెద్దపీట వేసి పాడుతోందనుకున్నాడు. ఆయన కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి, వంగి అమ్మ పాదాలు తాకబోయాడు. అమ్మ చేతులు తీసి వెనక్కి జరిగింది.

కేస్లీ దాది కర్ర ఊతంగా లేచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "బాబూ, ఇగ లేటు జెయ్యకు. పాడినంక గడపల నిలవడొద్దు."

"అదేంటి, అప్పుడే? భోజనాలు కానీ అవ్వా" అని నవ్వబోయాడు.

"ఇంటి ఆడోళ్లు ఢావ్లో ఎవలకు పాడ్తరో ఆళ్లు పోవాలె. మళ్ల ఇంటిమనిషి లెక్క రారాదు. నాలుగు క్యాసెట్లు జేసినవు, గీ సంగతి అడుగకపోతివా?"

ఆయన చుట్టూ చూశాడు. కుర్చీలో కూర్చోమన్నవాళ్లు లేరు. అందరూ ఆయన జీపు దాకా దారి ఇచ్చి నిలబడ్డారు, పెళ్లికూతురికి ఇచ్చినట్టే. బహుమతి పొట్లం కుర్చీలో పెట్టి నడిచాడు. జీపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "అక్కా" అన్నాడు.

"పో తమ్మీ" అంది అమ్మ.

ఆయన తలుపు మీద చెయ్యి వేసి, మిగతా సగం మాట కోసం నిలబడే ఉన్నాడు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. అమ్మ పెదవులు కదపలేదు. ఆయన ఎక్కేదాకా చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, నా దగ్గరికి వచ్చింది.

నా ముసుగు సర్ది, నుదుటి మీద చెమట తుడిచింది. పాడటానికి మా ఇద్దరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ఆమె దగ్గరున్న కొత్త పాట ఇప్పుడే వాడేసింది, నాకివ్వాల్సింది ఎప్పుడో అమ్ముడుపోయింది. అడవి దాటి కొత్త ఇంటికి పోతున్న లంబాడీ పిల్లను, నోట ఢావ్లో లేకుండా గడప దిగాను. మా తండాలో అట్లా దిగింది నేనొక్కదాన్నే.

జీపు కదిలేటప్పుడు అమ్మ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"పోయిరా బిడ్డా" అంది. మళ్లీ, నాకు వినపడలేదేమోనని, ఇంజను చప్పుడు మీదుగా గట్టిగా అంది, "రా."